ఊపిరి ఊదితే తెలిసేదెంత? సిస్టిక్ ఫైబ్రోసిస్ పిల్లలకి ఏ పరీక్ష మేలు

"ఆరు వచ్చింది మేడమ్. పోయినసారి తొమ్మిది. తగ్గింది గదా, మంచిదే గదా?"

ఖమ్మం వైపు నుంచి తెల్లవారుజాము బస్సుకి వచ్చిన తండ్రి ఆయన. చేతిలో ఫీనో అనే ఊపిరి పరీక్షవి రెండు చీటీలున్నాయి. ఒకటి పాతది, మడతల దగ్గర చిరుగుతోంది. రెండోది అప్పుడే నా మిషన్ నుంచి తీసిచ్చింది. తొమ్మిదేళ్ల కొడుకు పక్క కుర్చీలో కాళ్లూపుకుంటూ, తెర మీది బొమ్మని ఇంకోసారి ఊదనివ్వమని నా వంక చూస్తున్నాడు. వాడికి సిస్టిక్ ఫైబ్రోసిస్, ఊపిరితిత్తుల్లో కఫం జిగురులా పట్టేసే పుట్టు జబ్బు. నాలుగేళ్లు ఉబ్బసమనుకుని ఇన్‌హేలర్లు వాడారు. మధ్యలో ఆరు నెలలు టీబీ మందులు మింగించారు. చివరికెవరో చెమట పరీక్ష చేయించమంటే అప్పుడు తేలింది.

నేను పిల్లల ఊపిరి పరీక్షల గదిలో టెక్నీషియన్‌ని. మందులు రాసే పని నాది కాదు. ఒక అంకె ఎలా పుడుతుందో, ఎక్కడ దారి తప్పుతుందో రోజూ దగ్గర్నుంచి చూసే పని. ఆ తండ్రి అడిగినదానికి సరైన జవాబు "ఈ జబ్బులో ఆ అంకె తగ్గిందని సంబరపడకండి, భయపడకండి కూడా" అన్నదే. కారిడార్‌లో నిలబడి రెండు నిమిషాల్లో చెప్పే సంగతి కాదది. ఇక్కడ తీరిగ్గా చెబుతాను. ఊపిరితో చేసే పరీక్షలు నాలుగైదున్నాయి, దేని సత్తా ఏమిటో చూద్దాం.

ముందు, కొలవాల్సింది ఏమిటి?

ఈ జబ్బుకి మూలం ఏడో క్రోమోజోమ్ మీదున్న సీఎఫ్‌టీఆర్ అనే జన్యువు. 1989లో కనిపెట్టారు. కణాల పొరలో క్లోరైడ్‌ని అటూ ఇటూ దాటించే గేటు లాంటి ప్రోటీన్‌కి అది మూస. గేటు చెడితే చెమటలో ఉప్పు ఎక్కువవుతుంది. చెమటలో క్లోరైడ్ లీటరుకి 60 మిల్లీమోల్స్, ఆపైన ఉంటే జబ్బు ఉన్నట్టే చూస్తారు. బిడ్డ నుదురు ముద్దుపెట్టుకుంటే ఉప్పగా తగులుతోందని పరీక్షల కంటే ముందే పసిగట్టిన తల్లులున్నారు. అమ్మ నుంచి ఒకటి, నాన్న నుంచి ఒకటి, రెండు చెడ్డ కాపీలు వస్తేనే ఈ జబ్బు. ఇద్దరూ దాన్ని మోస్తుంటే ప్రతి కాన్పుకీ నాలుగింట ఒక వంతు అవకాశం. మేనరికాలు ఇంకా నడుస్తున్న మన వైపు ఇది గుర్తుండాల్సిన లెక్క. తెల్లవాళ్ల జబ్బు అనుకుని వదిలేయడం వల్లే మన పిల్లల్లో ఇంత ఆలస్యంగా దొరుకుతోంది.

ఊపిరితిత్తుల్లో ఏమవుతుందంటే, గొట్టాల లోపలి పొర మీద తడి తగ్గిపోయి కఫం జిగురులా పట్టేస్తుంది. అందులో క్రిములు కాపురం పెడతాయి. వాటి మీదికి న్యూట్రోఫిల్స్ అనే తెల్లకణాలు గుంపులు గుంపులుగా వస్తాయి, వచ్చి అక్కడే చస్తాయి, చస్తూ ఎలాస్టేజ్ అనే ఎంజైమ్‌ని ఒలకబోస్తాయి. క్రిములకి పెట్టిన మందు ఇంటి గోడకే తగిలినట్టు, ఆ ఎంజైమ్ శ్వాసనాళాల గోడని తినేస్తుంది. ఏళ్లు గడిచేసరికి గొట్టాలు సాగిపోయి మళ్లీ మామూలుకి రావు. దాన్నే బ్రాంకియెక్టాసిస్ అంటారు. రిపోర్టుల్లో ఇన్‌ఫ్లమేషన్ అని రాసేది ఈ వాపు గురించే.

ఉబ్బసంలోనూ వాపే. కాకపోతే అక్కడ ఎక్కువమంది పిల్లల్లో ముందుండి నడిపేది ఇయోసినోఫిల్స్ అనే వేరే జాతి కణాలు. ఈ ఒక్క తేడా పట్టుకుంటే మిగతా కథంతా అర్థమైపోతుంది.

ఆ వాపుని నేరుగా చూడాలంటే ఒకటే దారి. పిల్లాడికి మత్తిచ్చి, సన్నటి బ్రాంకోస్కోప్ గొట్టం లోపలికి దింపి, కాస్త ఉప్పునీళ్లు పోసి వెనక్కి లాగి ఆ నీళ్లని పరీక్షించడం. బీఏఎల్ అంటారు. ఆస్ట్రేలియాలో పెర్త్, మెల్‌బోర్న్ డాక్టర్లు కలిసి నడిపే అరెస్ట్ సీఎఫ్ అనే బృందం, పుట్టగానే స్క్రీనింగ్‌లో దొరికిన పసిపిల్లలకి ఈ పరీక్ష చేస్తూ వచ్చింది. వాళ్లు 2013లో అచ్చేసిన ఫలితం చదివితే గుండె బరువెక్కుతుంది. మూడు నెలల వయసులోనే కడిగిన నీళ్లలో ఎలాస్టేజ్ కనిపించిన బిడ్డలకి, మూడేళ్లు వచ్చేసరికి గొట్టాలు పాడయ్యే ముప్పు ఎక్కువగా ఉంది. అప్పటికి ఆ పిల్లల్లో చాలామందికి దగ్గు కూడా ఉండదు.

మరి అందరికీ అదే చేయొచ్చుగా? ఆస్ట్రేలియా, న్యూజిలాండ్‌లోనే దాన్నీ తేల్చి చూశారు. కొందరు పసిపిల్లలకి బీఏఎల్ చూసి వైద్యం, కొందరికి మామూలు పద్ధతి. ఐదేళ్లు నిండాక లెక్క చూస్తే సూడోమోనాస్ క్రిమి ఉన్నవాళ్లలోగానీ, సీటీ స్కాన్ మార్కుల్లోగానీ చెప్పుకోదగ్గ తేడా లేదు. 2011లో వచ్చిందది. మత్తు, ఖర్చు, తల్లిదండ్రుల దిగులు, ఇన్ని పెట్టుకుని ఊరికే చేసే పరీక్ష కాదని తేలింది.

ఇక కఫం ఉంది. పిల్లలు ఉమ్మరు, మింగేస్తారు. స్పైరోమెట్రీ ఉంది, బలమంతా పెట్టి ఊదే పరీక్ష. అందులో ఎఫ్‌ఈవీ1, అంటే మొదటి సెకనులో వదిలే గాలి, ఏళ్ల తరబడి నిక్షేపంగా కనిపిస్తుంది, లోపల మూలల్లో గొట్టాలు చెడుతున్నా సరే. అందుకే అందరి కళ్లూ ఊపిరి మీద పడ్డాయి. సూది లేదు, మత్తు లేదు, ఊదితే చాలు. వినడానికి ఎంత బావుందో!

నైట్రిక్ ఆక్సైడ్: రెండు నిమిషాల పరీక్ష

ఫీనో అని పిలుస్తాం. వదిలే గాలిలో నైట్రిక్ ఆక్సైడ్ ఎంతుందో చూపిస్తుంది. మనిషి ఊపిరిలో ఆ వాయువు ఉందని స్వీడన్‌లోని కరోలిన్‌స్కా పరిశోధకులు 1991లో చూపించారు. ఉబ్బసం ఉన్నవాళ్లలో అది ఎక్కువని 1993లో తేలింది. అక్కణ్నుంచి అది ఉబ్బసం క్లినిక్కుల్లో బల్లమీది మిషన్ అయిపోయింది.

ఎలా చేస్తామో చెబుతాను, ఎందుకంటే తప్పులన్నీ అక్కడే. పిల్లాడు మూతి గొట్టానికి పెట్టి, ఫిల్టర్ గుండా శుభ్రమైన గాలిని నిండుగా పీల్చాలి. తర్వాత సెకనుకి 50 మిల్లీలీటర్ల చొప్పున, ఎక్కువా తక్కువా కాకుండా, నిదానంగా ఊదాలి. చిన్నవాళ్లయితే కనీసం నాలుగు సెకన్లు, పెద్దవాళ్లయితే ఆరు. ఈ వాయువు గొట్టాల గోడ నుంచి ఊరుతూ ఉంటుంది కాబట్టి మెల్లగా ఊదితే ఎక్కువ పోగవుతుంది, గట్టిగా ఊదితే పలచబడుతుంది. అందుకే తెర మీద ఒక బొమ్మ ఉంటుంది, అది గీతల మధ్య నిలబడేలా ఊదమంటాం. లోపల కాస్త అడ్డు పెడతారు, దాన్ని నెడుతూ ఊదితే అంగుడి వెనక తలుపు మూసుకుని ముక్కులోని గాలి కలవదు. ముక్కు, సైనస్‌లలో నైట్రిక్ ఆక్సైడ్ బోలెడుంటుంది మరి. చెంపలు బూరెల్లా ఉబ్బించి ఊదితే నేను ఆపేస్తాను. ఐదారేళ్ల లోపు పిల్లలతో ఇది కుదరడం కష్టం.

ముందురోజు పాలకూర పప్పు, పొద్దున బీట్‌రూట్ కూర తినొచ్చారనుకోండి, అంకె పైకి పోతుంది. వాటిలో నైట్రేట్లుంటాయి. ముందు స్పైరోమెట్రీ చేయించి తర్వాత నా దగ్గరికి పంపితే అంకె కిందికి దిగుతుంది. వరస మార్చి పంపే జూనియర్లతో నాకు వారానికో గొడవ.

అంకెని పీపీబీలలో రాస్తాం, అంటే వంద కోట్లలో ఒక పాలు. అమెరికన్ థొరాసిక్ సొసైటీ 2011 మార్గదర్శకాల ప్రకారం 12 ఏళ్లలోపు పిల్లల్లో 20 లోపు తక్కువ, 35 దాటితే ఎక్కువ. ఉబ్బసం పిల్లాడికి 60 వచ్చి, ఇన్‌హేలర్ సరిగ్గా వాడాక 18కి దిగితే నేను కూడా సంతోషిస్తాను. అక్కడ అది నమ్మదగిన కొలత.

సిస్టిక్ ఫైబ్రోసిస్‌లో మాత్రం కథ తలకిందులు. గొట్టాల నిండా వాపు ఉన్నా ఈ అంకె మామూలుగానో, మామూలు కంటే తక్కువగానో ఉంటుంది. 1990లలోనే పిల్లల్లో చూసి ఆశ్చర్యపోయారు. కారణాలు ఒకటి కాదు. ఆ వాయువుని తయారుచేసే ఎంజైమ్ ఈ పిల్లల శ్వాసనాళాల పొరలో సరిగ్గా తయారవదు. దానికి ముడిసరుకు ఎల్-ఆర్జినిన్ అనే అమైనో ఆమ్లం, దాన్ని ఆర్జినేజ్ అనే ఇంకో ఎంజైమ్ ముందే నమిలేస్తుంది. తయారైన కాస్త వాయువూ చిక్కటి కఫంలో చిక్కుకుంటుంది. అక్కడున్న క్రిముల్లో కొన్ని దాన్ని తినేస్తాయి. మిగిలింది ఆక్సిజన్ తాలూకు చురుకైన అణువులతో కలిసి వేరే పదార్థమైపోతుంది. పొయ్యి మండుతున్నా పొగ బయటికి రాని వంటిల్లులాంటిది, బయట నిలబడి పొగ లేదు కాబట్టి మంట లేదనుకుంటే ఎలా?

అందుకే ఆ తండ్రి చీటీలోని 9కీ 6కీ మధ్య తేడాకి అర్థం లేదు. రెండూ తక్కువే. రెండింటి మధ్య దూరం ఒకే పిల్లాడు ఒకే పూట రెండుసార్లు ఊదితే వచ్చే తేడా కంటే పెద్దదేం కాదు. తగ్గడం అంటే వాపు తగ్గడం అనే లెక్క ఉబ్బసం నుంచి అరువు తెచ్చుకున్నది.

మరి ఈ పిల్లలకి ఫీనో దండగేనా? పూర్తిగా కాదు. సిస్టిక్ ఫైబ్రోసిస్ ఉన్న పిల్లాడికి పిల్లికూతలు కూడా ఉండి, ఉబ్బసం తోడైందేమోనని డాక్టర్‌కి అనుమానమొస్తే, అంకె బాగా ఎక్కువ రావడం ఒక సూచన. ఎక్కువొస్తే పనికొస్తుంది, తక్కువొస్తే ఏమీ చెప్పదు. ఇంకో చిత్రం ఉంది. గేటుని తెరిచే ఐవకాఫ్టర్ మందు మొదలుపెట్టిన కొందరిలో ఈ అంకె పెరిగింది. మందు పనిచేస్తుంటే పెరుగుతోంది! ఉబ్బసం లెక్కతో చూసేవాళ్లు అది చూసి స్టిరాయిడ్ రాసినా రాస్తారు.

ముక్కులోంచి తీసే నైట్రిక్ ఆక్సైడ్ సంగతి వేరు, దాన్ని దీనితో కలపకండి. అది సిలియరీ డిస్కినీషియా, అంటే గొట్టాల్లో కఫాన్ని నెట్టే సన్నటి వెంట్రుకలు సరిగ్గా కదలని ఇంకో జబ్బుని పట్టడానికి. అందులో నిమిషానికి 77 నానోలీటర్ల కంటే తక్కువ వస్తే అనుమానిస్తారు. సిస్టిక్ ఫైబ్రోసిస్‌లోనూ అది తక్కువే రావొచ్చు కాబట్టి ముందు చెమట పరీక్ష చేసి ఈ జబ్బు కాదని తేల్చుకోవాలి.

ఊపిరి నీళ్లు: అడిగే ప్రశ్న సరైందే, కానీ...

శీతాకాలం పొద్దున అద్దం మీద ఊదితే ఆవిరి పడుతుంది కదా, అదే పరీక్ష. చల్లటి గొట్టంలోకి పిల్లాడు పది పదిహేను నిమిషాలు మామూలుగా ఊపిరి వదులుతూ కూర్చుంటే ఒకటి రెండు మిల్లీలీటర్ల నీళ్లు చేరతాయి. బ్రీత్ కండెన్సేట్ అంటారు. ఊదడం రానక్కర్లేదు, గట్టిగా పీల్చనక్కర్లేదు, నాలుగేళ్ల పిల్ల కూడా కార్టూన్ చూస్తూ ఇచ్చేస్తుంది. ఆ నీళ్లలో ఆమ్లగుణం ఎంతో, హైడ్రోజన్ పెరాక్సైడ్ ఎంతో, 8-ఐసోప్రోస్టేన్, ల్యూకోట్రయీన్ల వంటి వాపు గుర్తులు ఎంతో చూడొచ్చు. ఫీనోకి అందని న్యూట్రోఫిల్ వాపు సంగతిని నేరుగా అడిగే పరీక్ష ఇది. కాగితం మీద ఇదే గెలవాలి.

చదువుకునే రోజుల్లో ఒక పరిశోధనలో నాకిచ్చిన పని ఈ గొట్టాలు నింపించడమే. అల్యూమినియం తొడుగుని ఫ్రీజర్‌లోంచి తీయడం, గొట్టానికి తొడగడం, గుడ్డ చుట్టడం, గడియారం పెట్టడం. ఒక పిల్ల చివర్లో గొట్టం ఎత్తి చూసి, "ఆంటీ, ఈ నీళ్లు నా లోపల్నుంచి వచ్చినవేనా?" అని అడిగింది. అవునన్నాను. ఇప్పుడడిగితే "కొన్ని" అంటాను.

ఆ నీళ్లలో 99 శాతానికి పైగా ఉత్తి ఆవిరే. గొట్టాల పొర నుంచి చిట్లిన తుంపరలు అందులో ఎంత కలిశాయో పిల్లాడికి పిల్లాడికి, ఒక్కోసారి అదే పిల్లాడిలో పూటకి పూటకి మారిపోతుంది. బిందెడు నీళ్లలో ఎన్ని చుక్కల పాలు పోశారో తెలియకుండా, పాలు చిక్కవా పలచవా అని అడిగితే ఏం చెబుతాం? మనం వెతికేవి చాలావరకు కొలిచే కిట్లు చూపించగల అతి చిన్న మోతాదు దగ్గరే తచ్చాడుతుంటాయి. దానికితోడు నోట్లోంచి వచ్చే అమ్మోనియా ఆ నీళ్లని క్షారం వైపు లాగుతుంది, గాల్లోని కార్బన్ డయాక్సైడ్ ఆమ్లం వైపు లాగుతుంది.

ఇందులో ఎంత గందరగోళం ఉందో రెండు అంకెలు చూస్తే చాలు. 2000లో అమెరికాలో ఉబ్బసం మీద చేసిన పరిశోధనలో ఆరోగ్యవంతుల ఊపిరి నీళ్ల పీహెచ్ (ఈ అంకె తగ్గితే ఆమ్లం ఎక్కువన్నట్టు) సగటు 7.65 వచ్చింది. వాళ్లు ఆర్గాన్ వాయువు పంపి కార్బన్ డయాక్సైడ్‌ని తరిమేసి కొలిచారు. 2002లో ఎడింబరా డాక్టర్లు సిస్టిక్ ఫైబ్రోసిస్ మీద చేసినదాంట్లో ఆరోగ్యవంతులదే 6.15. జబ్బు నిలకడగా ఉన్నవాళ్లలో 5.9 దాకా, జబ్బు తిరగబెట్టినప్పుడు 5.3. వాళ్ల పరిశోధన వరకు ఆ దిగుడు నిజమే, వాపు ఉంటే ఆమ్లం పెరుగుతోందన్న మాటా సబబే. కానీ రెండు ల్యాబుల ఆరోగ్యవంతుల మధ్యే పీహెచ్ 1.5 తేడా ఉంది, అంటే ఆమ్లంలో ముప్ఫై రెట్లు. జబ్బున్నవాళ్లకీ లేనివాళ్లకీ మధ్య తేడా కంటే పద్ధతికీ పద్ధతికీ మధ్య తేడా పెద్దదైనప్పుడు, ఖమ్మం పిల్లాడి ఒక్క చీటీ చూసి ఏం చెప్పగలం? యూరోపియన్, అమెరికన్ ఊపిరితిత్తుల డాక్టర్ల సంఘాలు 2005లో కలిసి ఒక పద్ధతి పుస్తకం వేశాయి, 2017లో యూరోపియన్ సంఘం ఇంకోటి వేసింది. అయినా క్లినిక్‌లో వాడమని సిఫారసు చేసే దశ రాలేదు.

మా పరిశోధన ఏమైందంటారా? ఒక పండగ సెలవు రాత్రి కరెంటు పోయింది, జనరేటర్ లైన్ ఆ ఫ్రీజర్‌కి లేదని అప్పుడు తెలిసింది. నాలుగు నెలల గొట్టాలు. వాటిని మళ్లీ గడ్డకట్టించి కొలవొచ్చని అన్నవాళ్లున్నారు. కొలిచాం కూడా. ఆ పట్టిక నేనెవరికీ చూపించను.

వాసన పట్టే మిషన్లు

ఊపిరిలో వందల రకాల ఆవిరి పదార్థాలుంటాయని 1971లో అమెరికా రసాయన శాస్త్రవేత్త లైనస్ పాలింగ్ చూపించాడు, అప్పట్లో ఆయన లెక్క 250 దాకా. వాటి కలగలుపులో జబ్బు వేలిముద్ర దొరుకుతుందేమోనని ఆవిరి పదార్థాల్ని విడదీసే గ్యాస్ క్రొమటోగ్రఫీ మిషన్లతో, ఎలక్ట్రానిక్ ముక్కులతో వెతుకుతున్నారు. నాకు వీటిలో అన్నిటికన్నా నచ్చేది హైడ్రోజన్ సయనైడ్ కథ.

సూడోమోనాస్ క్రిమి పెరుగుతూ సయనైడ్ వదులుతుంది. మైక్రోబయాలజీ ల్యాబులో పనిచేసినవాళ్లకి ఆ క్రిమి పెరిగిన ప్లేటుకి ద్రాక్షపండు వాసన వస్తుందని తెలుసు. అది వేరే పదార్థంది, కానీ సూత్రం ఒకటే: క్రిమికో వాసన ఉంది. 2009లో ఇంగ్లండ్‌లో సిస్టిక్ ఫైబ్రోసిస్ పిల్లల ఊపిరిలో సయనైడ్ కొలిచి, సూడోమోనాస్ ఉన్నవాళ్లలో ఎక్కువగా ఉందని చూపించారు. దాని తర్వాత ఆ క్రిమి లేని రెండు వందలకు పైగా పిల్లల్ని రెండేళ్లు వెంబడించి, క్రిమి కొత్తగా వచ్చినప్పుడు ఊపిరి ముందే పట్టిస్తుందా అని చూశారు. 2015లో ఫలితం వచ్చింది. సయనైడ్ పెరిగితే క్రిమిని గట్టిగా అనుమానించాల్సిందే, క్రిమి లేనప్పుడు 99 శాతం సార్లు అది పెరగలేదు. కానీ క్రిమి వచ్చిన ప్రతి ముగ్గురిలో ఒక్కరినే పట్టింది. మిగతా ఇద్దరి సంగతి ఊపిరి చెప్పలేదు.

మొరిగితే దొంగ ఉన్నాడనే అనుమానించాలి, మొరగలేదని తలుపు తీసి పడుకోలేం. కుక్క మాటొచ్చింది కాబట్టి ఇదీ చెప్పాలి. 2019లో లండన్ పరిశోధకులు నిజంగానే కుక్కలకి శిక్షణ ఇప్పించి, ల్యాబులో పెంచిన క్రిముల్లోంచి సూడోమోనాస్‌ని వాసనతో ఏరించారు. బాగానే ఏరాయి. మా ఆసుపత్రి సెక్యూరిటీ వాళ్లు ఒప్పుకుంటారా అన్నది నా అనుమానం.

ఇంకో చిక్కు, సయనైడ్ నోట్లోనూ పుడుతుంది, పళ్లు సరిగ్గా తోముకోకపోతే మరీ. పైగా ఇది కొలిచేది వాపుని కాదు, వాపు తెచ్చే క్రిమిని. వాపుకే సంబంధించిన ఆవిరుల కలగలుపు మీద పనులు జరుగుతున్నాయి, ఒక ఊళ్లో దొరికిన వేలిముద్ర ఇంకో ఊళ్లో దొరకడం ఇప్పటికీ కష్టంగానే ఉంది. గదిలో గాలి, ఫినాయిల్, ఉదయం తిన్నది, అన్నీ ఊపిరిలోకి వస్తాయి.

ఎల్‌సీఐ: వాపుని కొలవదు, అయినా

లంగ్ క్లియరెన్స్ ఇండెక్స్. పిల్లాడు మామూలుగా ఊపిరి తీసుకుంటూ ఉంటాడు, లోపలికి నూటికి నూరు శాతం ఆక్సిజన్ పంపుతారు. లోపలున్న నైట్రోజన్ మొదట్లో ఉన్నదానిలో నలభయ్యో వంతుకి దిగేదాకా ఊపిరితిత్తుల్లోని గాలిని ఎన్నిసార్లు మార్చాల్సి వచ్చిందో ఆ సంఖ్యే జవాబు. ఆరోగ్యంగా ఉంటే ఇంచుమించు ఏడు. మూలల్లో కఫం అడ్డుపడి కొన్ని గదులు వెంటనే ఖాళీ కాకపోతే సంఖ్య పెరుగుతుంది. మూడేళ్ల పిల్ల కూడా మాస్కు పెట్టుకుని బొమ్మల సినిమా చూస్తూ చేయగలదు. స్పైరోమెట్రీ ఏమీ లేదన్నప్పుడు కూడా ఇది పెరిగి కనిపిస్తుంది. అందుకే పిల్లల మీద కొత్త మందుల పరీక్షల్లో ఇప్పుడు దీన్ని కూడా వాడుతున్నారు.

దీనికీ మచ్చ లేకపోలేదు. ఎక్కువమంది వాడే ఒక మిషన్ సాఫ్ట్‌వేర్‌లో ఆక్సిజన్, కార్బన్ డయాక్సైడ్ సెన్సర్లు ఒకదాని లెక్కని ఒకటి చెడగొడుతున్నాయని, దానివల్ల ఎల్‌సీఐ ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తోందని 2021లో బయటపెట్టారు. పాత పరిశోధనల అంకెల్ని మళ్లీ లెక్కేసుకోవాల్సి వచ్చింది. ఒకరు తప్పు పట్టుకున్నారు, అందరూ సరిచేసుకున్నారు. నాకైతే ఆ తర్వాతే ఆ పరీక్ష మీద నమ్మకం పెరిగింది.

శిక్షణకి వెళ్లినప్పుడు ఈ మిషన్ మీద చేయి వేశాను. నేను పనిచేసే చోట లేదు.

మరి ఏది మేలు?

నా మాటగా చెప్పమంటే ఇలా చెబుతాను. వాపు ఎంతుంది అనే ప్రశ్నకే జవాబు కావాలంటే, ఇవాళ ఊపిరి పరీక్షల్లో ఏదీ ఒంటరిగా ఇవ్వలేదు. వాటిలో ఒకదానికి డబ్బు పెట్టమంటే కళ్లు మూసుకుని ఎల్‌సీఐకే పెడతాను, అది వాపు చేసిన నష్టాన్ని తొలి రోజుల్లోనే చూపిస్తుంది కాబట్టి. అది అందుబాటులో లేకపోతే ఊపిరిని వదిలి కఫం వైపు తిరుగుతాను.

కఫం రాదన్నాం కదా? రప్పించొచ్చు. చిక్కటి ఉప్పునీళ్లు నెబ్యులైజర్‌లో పెట్టి, ఫిజియోథెరపీ చేసి దగ్గించడం. చిన్నపిల్లలకైతే గొంతులోంచి సక్షన్ చేస్తారు. 2018లో వేల్స్‌లోని కార్డిఫ్ డాక్టర్లు ఆరు నెలల పిల్లల నుంచి చేసి చూపించారు. గొంతు దగ్గర తీసే స్వాబ్ కంటే చాలా ఎక్కువ క్రిముల్ని పట్టింది, మత్తిచ్చి చేసే బీఏఎల్‌తో పోటీపడింది. ఇందులో మిషన్ ఖర్చు లేదు, ఓపిక ఖర్చే. మన జిల్లా కేంద్రాల్లో నెబ్యులైజర్ లేని పిల్లల వార్డు ఉండదు. అందరూ కొత్త మిషన్ గురించి మాట్లాడే మీటింగుల్లో ఈ పాత ఉప్పునీళ్ల మాట ఎత్తితే ఎవరూ నోట్సు రాసుకోరు.

ఫీనోని ఉబ్బసం తోడైందా అన్న ఒక్క అనుమానానికే ఉంచుతాను. మూడు నెలలకోసారి అలవాటుగా చేయించడం ఆ కుటుంబానికి బస్సు ఛార్జీల దండగ. ఊపిరి నీళ్లని పరిశోధన గదిలోనే ఉండనిస్తాను. వాసన మిషన్ల మీద ఆశ ఉంది, ఎందుకో చెబుతాను. 2019లో అమెరికాలో ఆమోదం పొందిన మూడు మందుల కలయిక ట్రైకాఫ్టా వేసుకునే పిల్లల్లో కఫం రావడమే బాగా తగ్గిపోయింది. పరీక్షకి కఫమే లేకపోతే, లోపల మిగిలిన వాపునీ క్రిమినీ ఊపిరిలోనే వెతుక్కోవాలి. ఆ మందు అందే దేశాల్లో ఈ పరీక్షల అవసరం ముందు ముందు పెరుగుతుంది. మన పిల్లల్లో దాన్ని అందుకోగలిగేది ఏ కొద్దిమందో. ఇక్కడ కఫం ఇంకా బోలెడుంది, దాన్ని తీసి చూడటమే తక్కువ.

మళ్లీ ఆ తండ్రి దగ్గరికొస్తే, ఆరోజు ఆయన్ని కూర్చోబెట్టి ఇంతా చెప్పలేదు. "సార్, ఈ అంకె ఉబ్బసానికి. బాబుకి దీంతో పెద్ద పనిలేదు. వచ్చేసారి పొద్దున్నే ఫిజియోథెరపీ చేయించకుండా తీసుకురండి, ఇక్కడే చేయించి కఫం తీద్దాం" అన్నాను. డాక్టర్‌కీ అదే రాసి పంపాను. "మరి ఇన్నాళ్లు చేయించింది?" అన్నాడాయన. నా దగ్గర జవాబు లేదు.

మూడు నెలలకి వచ్చారు. ఉప్పునీళ్ల నెబ్యులైజేషన్ పెట్టిన పది నిమిషాలకి పిల్లాడు మొహం వికారంగా పెట్టి, దగ్గి దగ్గి, ప్లాస్టిక్ కప్పులో పచ్చటి కఫం ఇంత ఉమ్మాడు. "ఛీ" అన్నాడు వాడే. వారం తిరక్కుండా కల్చర్‌లో సూడోమోనాస్ వచ్చింది. ఆ క్రిమిని చంపే టోబ్రామైసిన్ మందుతో నెబ్యులైజేషన్ మొదలుపెట్టారు.

ఆ రోజు వెళ్లబోతూ పిల్లాడు నా బల్ల దగ్గర ఆగాడు, బొమ్మని ఊదాలని. పరీక్ష రాయలేదు కదా అంటే మొహం చిన్నబుచ్చుకున్నాడు. లోపల ప్రాక్టీసు బొమ్మ ఉంటుంది, సెన్సర్ ఖర్చవదు. అది పెట్టాను. చెంపలు ఉబ్బించకుండా, గీత దాటకుండా పూర్తిగా ఊదేసి, "నాన్నా, ఎంతొచ్చింది?" అన్నాడు.

"అంకె రాదంట లేరా దీంట్లో," అన్నాడు తండ్రి, కప్పు మూత బిగిసిందో లేదో మళ్లీ చూసుకుంటూ.